సర్దుకుపోయిన లెక్క

"గీతలు లెక్కపెట్టమంటే మా మొహాలు చూసి లెక్కపెడుతున్నావు."

మా ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్ ఈ మాట గట్టిగా కూడా అనలేదు. మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండా, పెన్ను ఇటివ్వమన్నంత మామూలుగా అంది. మూడు వారాలైంది. ఇప్పటికీ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చి, ఇంగ్లీషులో జవాబులు కూడబలుక్కుంటున్నాను. ఆ జవాబులేవో తెలుగులో చెప్పేసుకుంటే కడుపుబ్బరమైనా తగ్గుతుందని ఇది రాస్తున్నా.

ఇక్కడికొచ్చి రెండేళ్ళు కావస్తోంది. కాంట్రాక్ట్ ఉద్యోగం. సొరచేపల వయసు తేల్చడం నా పని. పడవలవాళ్ళు తెచ్చిన వెన్నుపూసల్ని ఫ్రీజర్‌లోంచి తీసి, అంటుకున్న కండ గీకి, ఆరబెట్టి, డైమండ్ బ్లేడున్న చిన్న రంపంతో పల్చగా, అర మిల్లీమీటరు మందాన కోయాలి. నిలువునా కోసిన ముక్క అచ్చం డమరుకంలా ఉంటుంది. దాని అంచుల వెంట ఒక లేత గీత, ఒక ముదురు గీత, మళ్ళీ లేత, మళ్ళీ ముదురు. ఒక జత ఒక ఏడాది కింద లెక్క. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. చేప పొడవెంతో ఇద్దరికీ తెలియకూడదు. ఒకరి అంకె ఇంకొకరు చూడకూడదు.

నేను చూశాను. ఒక బుల్ షార్క్ పూసలో నాకు 19 జతలు వచ్చాయి. షీట్‌లో పక్క గడిలో ఆవిడ రాసిన 15 కంటపడింది. ఆవిడ ఈ పనిలో ఉన్న కాలం నా వయసంత. ఎందుకైనా మంచిదని లాగ్‌బుక్ తీసి చేప పొడవు కూడా చూశాను. 19 చెరిపేసి 16 రాశాను. 15 రాస్తే కాపీ కొట్టినట్టుంటుంది కదా, అందుకని 16.

దీన్ని వీళ్ళు ఏమంటారో గానీ మనకి చక్కటి మాట ఉంది, సర్దుకుపోవడం అని. అంతకు మించిన మంచి గుణం లేదన్నట్టే పెరిగాం. అనుభవమున్న మనిషి ఒకటంటే మనం ఇంకొకటని చిన్నబుచ్చడం దేనికి? నేను మోసం చేశాననుకోలేదు, మర్యాద చేశాననుకున్నాను. మొదటి నెలంతా ఆవిణ్ణి మేడమ్ అని పిలిచి, పేరు పెట్టి పిలవమని మూడుసార్లు చెప్పించుకున్న మనిషిని నేను.

అయినా ఆ గీతలు అంత సూటిగా ఉంటే ఈ గొడవే ఉండదు. సొరచేపకి ఎముక లేదు, ఉన్నదంతా మన చెవి డొప్పలో ఉండే మృదులాస్థి లాంటిదే. దవడ, పుర్రె దగ్గర ఆ మెత్తని దాని పైపైన మాత్రం కాల్షియం ఫాస్ఫేట్‌తో గట్టిపడ్డ బుల్లి పలకలు పరుచుకుని ఉంటాయి, గచ్చు మీద మొజాయిక్ ముక్కల్లాగా. ఒక్కోటీ మిల్లీమీటరు కూడా ఉండదు. పలకకీ పలకకీ మధ్య నారపోగుల అతుకు. చేప పెరిగేకొద్దీ పలకలూ అంచుల దగ్గర పెరుగుతాయి. వెన్నుపూస తీరు వేరు. అక్కడ బయటి అంచున పొర మీద పొర చేరుతుంది, చేరిన పొర మళ్ళీ కరగదు. మన ఎముక అలా కాదు, పాతది తొలుచుకుంటూ కొత్తది కట్టుకుంటూ పోతుంది. సొరచేప మాత్రం పుట్టిన నాటి పొరని చచ్చేదాకా పూస నడిబొడ్డున అలాగే ఉంచుకుంటుంది.

పడిన పొర చెరగదు, నిజమే. అసలు పొర పడకపోతేనో? వయసు మీరి పెరుగుదల మందగిస్తే బయటి అంచున గీతలు వెంట్రుకల్లా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి, కొన్నిసార్లు పడనే పడవు. బాస్కింగ్ షార్క్‌లో ఇంకా విచిత్రం. ఒకే చేపలో తల వైపు పూసకి ఒక లెక్క, తోక వైపు పూసకి ఇంకో లెక్క వస్తుంది. గీత రాస్తున్నది గడిచిన కాలాన్ని కాదు, పెరిగిన ఒంటిని అన్నమాట.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మరి జతకో ఏడాది అని ఈ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఎన్నో జాతులకి ఎలా రాసుకుపోయారు? చెట్టుకి అలాగే ఉంది, మామూలు చేప చెవిలో ఉండే బుల్లి రాయిలో అలాగే ఉంది, దీనికీ అలాగే ఉంటుందని సర్దుకున్నారు. అందరూ కాదులెండి. కొందరు చేపకి టెట్రాసైక్లిన్ సూది వేసి వదిలారు. ఆ మందు అప్పుడు చేరుతున్న కాల్షియానికి అతుక్కుని, అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. చేప మళ్ళీ దొరికితే ఆ మెరుపుకి అవతల ఎన్ని గీతలు పడ్డాయో చూసుకోవచ్చు. మళ్ళీ దొరికితే. మిగతావాళ్ళు ముందువాళ్ళ మాట మీద నడిచారు. వాళ్ళు చేస్తే అంచనా, నేను చేస్తే మొహాలు చూడటం!

చివరికి వాళ్ళ లెక్కల్ని పరీక్షకి పెట్టింది అణుబాంబులు. 1950, 60లలో గాలిలో పేల్చిన బాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందంతో ఆ పేలుళ్ళు చాలావరకు ఆగాయి గానీ, అప్పటికే అది సముద్రంలో కలిసి, తిండి ద్వారా సొరచేపల పూసల్లోకి చేరింది. ఏ పొర దగ్గర కార్బన్-14 ఒక్కసారిగా పెరిగిందో చూస్తే, ఆ పొర ఏ కాలానిదో తెలుస్తుంది. 2002లో పోర్‌బీగల్ అనే సొరచేప మీద చూస్తే 26 ఏళ్ళ దాకా గీతలు నిజమే చెప్పాయి. 2014లో వాయవ్య అట్లాంటిక్ తెల్ల సొరల్లో ఒక మగదాని వయసు 73 అని తేలింది, అంతకుముందు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ. అదే ఏడాది శాండ్ టైగర్ అనే సొర దగ్గరికొచ్చేసరికి, ముసలివాటికి గీతల లెక్క పదేళ్ళకు పైగా తక్కువ పడింది. గ్రీన్‌లాండ్ షార్క్‌కైతే పూసలో లెక్కకొచ్చే గీతలే లేవు. 2016లో దాని కంటి కటకం నడిభాగంలోని కార్బన్ చూసి, అన్నిటికంటే పెద్దదానికి 392 ఏళ్ళన్నారు, అటూ ఇటూ 120.

అటూ ఇటూ 120 ఏళ్ళు. సిగ్గుపడకుండా అచ్చేశారు.

నా జవాబులన్నీ ఇక్కడికొచ్చి ఆగిపోతున్నాయి. వాళ్ళు సర్దుకున్నా, ఎంత సర్దుకున్నారో పక్కనే రాశారు కాబట్టి తర్వాతివాళ్ళు పట్టుకోగలిగారు. నేను 19ని రబ్బరుతో తుడిచేశాను. ఇది పోనీ ఒక్క చేపతో పోయేదా అంటే కాదు. వయసు తక్కువ రాస్తే చేప తొందరగా ఎదుగుతోందని లెక్క తేలుతుంది, ఎంత పట్టినా మంద కోలుకుంటుందని వేట కోటా ఆ లెక్కన పోతుంది. ఆవిడ బాధ అదీ. కాస్త మెత్తగా చెప్పి ఉండొచ్చు, అది మాత్రం ఇప్పటికీ అంటాను.

మర్నాడు పొద్దున షీట్ నా బల్ల మీద ఉంది. నా 16 అలాగే ఉంది. దాని పక్కన, తుడిచేసిన మరక మీదే, ఆవిడ పెన్సిల్‌తో 19 మళ్ళీ రాసి సున్నా చుట్టింది. ఇద్దరం ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నాం. బయటి అంచున తను వదిలేసిన రెండు జతల్ని చూపించాను. ఒప్పుకుంది. నేను రెండుగా లెక్కపెట్టినవి ఒకటే గీత చీలినవని తను చూపించింది. నేను ఒప్పుకోలేదు. నోరెండిపోయింది గానీ ఒప్పుకోలేదు. తనది 17, నాది 19. ముక్కని పక్కన పెట్టేశాం. పట్టికలో ఆ చేప వయసు గడి ఖాళీ. ఖాళీ గడి చూస్తే నాకు పరీక్ష హాల్లో ఉన్నంత టెన్షన్.

పోయిన వారం అదే ముక్కని లేజర్‌కి పంపారు. నడిమి నుంచి అంచు దాకా సన్నటి దారి వెంట లేజర్ కాల్చుకుంటూ పోతుంది, లేచిన ధూళిని యంత్రం మూలకాలుగా తూస్తుంది. సాధారణంగా నదినీళ్ళలో బేరియం ఎక్కువ, సముద్రంలో స్ట్రాన్షియం ఎక్కువ. బుల్ షార్క్ పిల్లలు నదీముఖాల్లో, నదుల్లో పెరుగుతాయి. గ్రాఫ్‌లో నడిమి దగ్గర బేరియం ఎత్తుగా ఉంది, తర్వాత పడిపోయింది, చాలా పొరలు దాటాక ఇంకో చిన్న మిట్ట లేచింది.

ఆడచేప. కనడానికి తిరిగి నదికొచ్చిందని రాయాలనిపించింది. ఎందుకనిపించిందో మీకు చెప్పక్కర్లేదు.

కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఆవిడ వైపు చూశాను. తిండి మారినా, నీటి వేడి మారినా, పెరిగే వేగం మారినా బేరియం కదలొచ్చని గుర్తుచేసింది.

"అయితే ఏం రాయమంటారు?"

"నీకేం కనబడింది?"

"బేరియం పెరిగింది."

"అదే రాయి."