కరెంటొచ్చాక సర్వర్‌లో టైమెంత?

కర్నూలు ఎండల్లో కరెంటు పోతుంది. యూపీఎస్ 20 నిమిషాలు లాగి చేతులెత్తేస్తుంది. కరెంటు తిరిగొచ్చాక సర్వర్ ఒక నిమిషంలో లేచి కూర్చుంటుంది. ఫైబర్ మోడెం, రౌటర్ కుదురుకుని లైను పట్టుకునేసరికి ఇంకో రెండు మూడు నిమిషాలు. చిన్న ఆఫీసుల్లో సర్వర్ టైము చెడేది ఎక్కువగా, నెట్ నుంచి సరైన టైము అడగడానికి వీల్లేని ఈ సందులోనే. ఆ కాసేపట్లో డేటాబేస్ లేచి, తప్పు టైముతో నాలుగు బిల్లులు రాసేస్తుంది. తర్వాత నెట్ వచ్చి గడియారం సరిపడినా ఆ నాలుగు బిల్లులు అలాగే ఉండిపోతాయి.

గడియారాన్ని నడిపే క్రిస్టల్ దారి తప్పడం దీని ముందు చిన్న సంగతి. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల) తేడా అంటే రోజుకు సుమారు 1.7 సెకన్లు. మదర్‌బోర్డు మీది ఆర్‌టీసీలో (మిషన్ ఆఫ్‌లో ఉన్నా బటన్ సెల్‌తో నడిచే గడియారంలో) ఉండే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. వేడి పెరిగినా తగ్గినా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల రేకుల గదిలో దాదాపు 14 పీపీఎం వెనక్కి, అంటే రోజుకు సెకనుంపావు. అదీ మిషన్ ఆఫ్‌లో ఉన్నంతసేపే లెక్క. ఆన్ అయ్యాక కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) లెక్కపెట్టుకునేది వేరే క్రిస్టల్‌తో. దాని తేడాను క్రోనీ (నెట్‌లోని టైము సర్వర్లను అడిగి గడియారాన్ని దిద్దే ప్రోగ్రాం) నేర్చుకుని డ్రిఫ్ట్ ఫైల్‌లో రాసుకుంటుంది, నెట్ లేని గంటల్లో కూడా ఆ లెక్కతోనే సర్దుతుంది.

కాబట్టి మొదట చూడాల్సింది సీఆర్2032 బటన్ సెల్. ఇది 3 వోల్టుల సెల్. మీటరు పెడితే 2.6 దగ్గర కనిపిస్తోందంటే మార్చేయండి. సెల్ చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తారీఖు ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు అవతలి సర్వర్ అసలుదేనని చూపే ప్రతి సర్టిఫికెట్టూ 'ఇంకా అమల్లోకి రాలేదు' అంటుంది. భద్రత కోసం ఎన్‌టీఎస్ (నెట్‌లో టైము అడిగే పద్ధతి ఎన్‌టీపీకి సర్టిఫికెట్ల తాళం వేసిన రూపం) పెట్టుకున్నవాళ్లకైతే ఇంకా చిక్కు: టైము తెలియాలంటే సర్టిఫికెట్ చెల్లాలి, సర్టిఫికెట్ చెల్లాలంటే టైము తెలియాలి. అందుకని ఒకటి రెండు మామూలు ఎన్‌టీపీ సర్వర్లు కూడా ఉంచుకోవాలి, లేదా మొదటి సవరణ అయ్యేదాకా సర్టిఫికెట్ తారీఖు చూడొద్దని క్రోనీలో 'నోసర్ట్‌టైమ్‌చెక్ 1' పెట్టుకోవాలి.

ఇక క్రోనీ కాన్ఫిగ్ ఫైల్. టైము ఎవరిని అడగాలో చెప్పే సర్వర్ లైన్లు నాలుగు రాయండి. ఒక్కటే ఉంటే అది తప్పు చెప్పినా పట్టుకునే దిక్కుండదు. రెండు ఉండి రెండూ రెండు మాటలు చెబితే తీర్పు చెప్పేవాడుండడు. మూడుంటే అబద్ధాలకోరు దొరికిపోతాడు. నాలుగోది, ఉన్నవాటిలో ఒకటి పడిపోయిన రోజు కోసం. మన దేశంలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల సమయ్1, సమయ్2 ఉన్నాయి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కూడా వీటితోగానీ, వీటికి ముడిపడిన సర్వర్లతోగానీ టైము కలుపుకోమనే చెబుతాయి. నాలుగోదిగా ఇండియా పూల్ (స్వచ్ఛందంగా నడిపే టైము సర్వర్ల గుంపు) నుంచి ఒకటి చాలు. గూగుల్ టైమును మాత్రం వీటితో కలపొద్దు. లీప్ సెకను (భూమి తిరుగుడుతో కలవడానికి అప్పుడప్పుడు చేర్చే అదనపు సెకను) వచ్చినప్పుడు గూగుల్ దాన్ని 24 గంటల మీద పలచగా పరుస్తుంది, మిగతావాళ్లు ఒక్కసారిగా చేరుస్తారు. ఆఖరి లీప్ సెకను మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:29:60గా వచ్చింది. మళ్లీ వచ్చినా రాకపోయినా రెండు పద్ధతులూ ఒకే ఫైల్‌లో ఉండకూడదు.

ప్రతి లైను చివరా 'ఐబర్స్ట్' ఉండాలి. అది ఉంటే మొదటి నాలుగు ప్రశ్నలూ రెండేసి సెకన్లకొకటి పోతాయి. లేకపోతే 64 సెకన్ల తీరుబడి నడకే. 'మేక్‌స్టెప్ 1.0 3' అంటే తేడా సెకను దాటితే మొదటి మూడు సవరణల్లో మాత్రం గడియారాన్ని ఒక్క దూకుడుతో దిద్దు అని. ఆ మూడు లెక్కపెట్టేది సవరణలను, నిమిషాలను కాదు. నెట్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినా దూకుతుంది. దూకడం మంచిదే, కానీ అప్పటికే డేటాబేస్ నడుస్తుంటే దాని కాళ్ల కింద నేల కదిలినట్టే. 'ఆర్‌టీసీసింక్' కూడా రాయండి. కెర్నెల్ 11 నిమిషాలకొకసారి సరైన టైమును ఆర్‌టీసీలోకి దించుతుంది.

పైన చెప్పిన సందును మూసేది క్రోనీ-వెయిట్ సర్వీసు. తేడా 0.1 సెకను లోపలికి వచ్చేదాకా, లేదా 180 సెకన్లు గడిచేదాకా అది ఆపుతుంది. దాన్ని ఎనేబుల్ చేసి, డేటాబేస్ ఎప్పుడు లేవాలో చెప్పే యూనిట్ ఫైల్‌లో టైమ్-సింక్ టార్గెట్ (టైము కుదిరిందనే గుర్తు) తర్వాతే లేవాలని 'ఆఫ్టర్' లైను పెట్టండి. ఇక్కడ చాలామంది ఒకటి మర్చిపోతారు: 180 సెకన్లు దాటితే క్రోనీ-వెయిట్ ఫెయిలై పక్కకు తప్పుకుంటుంది, డేటాబేస్ తప్పు టైముతోనే లేస్తుంది. బిల్లింగ్ మిషనైతే అది సఫలమైతేనే లేవాలని క్రోనీ-వెయిట్ మీద 'రిక్వైర్స్' కూడా పెట్టి, దాని గడువు 600 సెకన్లకు పెంచండి. పది నిమిషాలు కౌంటర్ ఆగితే కొంపేమీ మునగదు.

ఆఫీసులోని సీసీటీవీ డీవీఆర్, బయోమెట్రిక్ మిషను, డెస్క్‌టాప్‌లు అన్నీ విడివిడిగా బయటికెళ్లి టైము అడగనక్కర్లేదు. ఈ సర్వర్‌లో 'అలౌ' లైనులో లోపలి నెట్‌వర్క్ రాసి, ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ వాడే పోర్టు యూడీపీ 123 తెరిస్తే అన్నీ దీన్నే అడుగుతాయి. దానికి, బయట ఎవరూ దొరక్కపోతే తన గడియారాన్నే చెప్పమనే 'లోకల్ స్ట్రాటమ్ 10' కలిపితే బయట లైను తెగిన రోజు కూడా అందరూ ఒకే టైము మీద ఉంటారు. హాజరు మిషను 9:02 అంటే కెమెరా 9:07 అనడం వల్లే సగం పంచాయితీలు.

పని చేస్తోందో లేదో తెలియాలంటే 'క్రోనీసీ సోర్సెస్' కొట్టండి. నక్షత్రం గుర్తున్నదాన్ని ఇప్పుడు నమ్ముతోంది, ఎక్స్ అంటే అబద్ధాలకోరు. రీచ్ కాలమ్‌లో 377 ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబొచ్చింది, ఎందుకంటే అది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే) అంకె, బైనరీలో ఎనిమిది ఒకట్లు. అక్కడ 0 ఉండి పింగ్ మాత్రం పోతుంటే దారిలో ఎవరో యూడీపీ 123ని ఆపారు. రీచ్ బాగుండి టైము 40, 50 మిల్లీసెకన్లు ఊగుతుంటే అప్‌లోడ్ చూడండి. పోయే దారీ వచ్చే దారీ సమానమనుకుని ఎన్‌టీపీ లెక్క కడుతుంది. కెమెరా బ్యాకప్‌తో అప్‌లోడ్ నిండిపోయి పోవడానికి 120 మిల్లీసెకన్లు, రావడానికి 20 పడితే, తేడాలో సగం, అంటే 50 మిల్లీసెకన్ల తప్పు ఖాయం.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే క్రోనీని తిట్టొద్దు. అది టైమ్‌జోన్ తప్పు, లేదా అదే మిషన్ మీద విండోస్ కూడా ఉండి ఆర్‌టీసీలో మన టైము రాసింది. లైనక్స్ అక్కడ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది. ఆ మాటకొస్తే మనం చూసే ఐఎస్‌టీ కూడా కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖది. కర్నూలు సూర్యుడు దానికి 18 నిమిషాలు వెనకే నడుస్తాడు.

వర్చువల్ మిషన్లకు మాత్రం పైన చెప్పిన 'మేక్‌స్టెప్ 1.0 3' సరిపోదు. గంటసేపు సస్పెండ్ చేసి లేపితే ఆ మూడు దూకుళ్లూ ఎప్పుడో అయిపోయి ఉంటాయి. క్రోనీ ఇక గడియారాన్ని మెల్లగా పరిగెత్తించడమే చేస్తుంది. దాని గరిష్ఠ వేగం 83,333 పీపీఎం, అంటే సెకను సర్దడానికి 12 సెకన్లు. గంట సర్దడానికి 12 గంటలు. అక్కడ ఎప్పుడైనా దూకొచ్చని 'మేక్‌స్టెప్ 1.0 -1' పెట్టండి. సస్పెండ్ నుంచి లేచిన మిషన్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది కాబట్టి దూకుడు ముందుకే ఉంటుంది. హైపర్‌వైజర్ (వర్చువల్ మిషన్లను నడిపే ప్రోగ్రాం) టైమ్ సింక్, క్రోనీ రెండూ కలిపి మాత్రం నడపొద్దు. ఒకరు దిద్దింది ఇంకొకరు చెరుపుతారు.

ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లలాంటి చోట ఇంటర్నెట్ టైము మీదే ఆధారపడటం నాకు నచ్చదు. అక్కడ కరెంటు లెక్క 15 నిమిషాల బ్లాకుల్లో, రోజుకు 96. జీపీఎస్ రిసీవర్ ఒకటి పెట్టుకోండి, కానీ పీపీఎస్ (సెకనుకో పల్స్ ఇచ్చే) పిన్ ఉన్నదే కొనండి. యూఎస్‌బీలో వచ్చే టైము వాక్యం వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఏ సెకనో అది చెబుతుంది, ఆ సెకను సరిగ్గా ఎప్పుడు మొదలైందో పీపీఎస్ చెబుతుంది. యాంటెన్నాను రేకు కింద కాకుండా, ఆకాశం కనిపించేలా కప్పు మీద బిగించండి.