వెండి నానో కణాలపై వివిధ దేశాల విద్యార్థులతో కలిసి చేసిన అధ్యయనం: నా అనుభవం

పర్యావరణ నానోటెక్నాలజీని వేర్వేరు దేశాల విద్యార్థులు కలిసి నేర్చుకునే ఒక ఉమ్మడి ప్రాజెక్టులో పాల్గొనే అవకాశం నాకు వచ్చింది. సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నందువల్ల వెండి నానో కణాలను, అంటే కంటికి కనిపించనంత సూక్ష్మమైన వెండి రేణువులను, దుస్తుల్లోనూ నీటి వడపోత పరికరాల్లోనూ వాడుతున్నారు. అవి నదుల్లోకి, చెరువుల్లోకి చేరాక ఏమవుతాయన్నదే మేము ఎంచుకున్న ప్రశ్న.

దరఖాస్తు చేయడం, అందరికీ వీలైన సమావేశ వేళ కుదుర్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. అసలు శ్రమంతా ఉమ్మడి ప్రయోగ విధానాన్ని రాయడంలోనే ఉంది. ఒకచోట తయారైన వెండి కణాల ద్రావణాన్ని అందరికీ పంపుదామన్న ప్రతిపాదన మొదట వచ్చింది. కానీ ఆక్సిజన్ సమక్షంలో వెండి కణాలు నెమ్మదిగా అయాన్లుగా (విద్యుదావేశమున్న పరమాణువులుగా) కరుగుతాయి, వెలుతురుకూ మార్పు చెందుతాయి కాబట్టి, ప్రయాణంలో గడిచే కాలమే ఫలితాల్లో తేడా తెచ్చే ప్రమాదం ఉంది. అందుకే సిల్వర్ నైట్రేట్, సోడియం బోరోహైడ్రైడ్, సిట్రేట్‌లతో ఎవరికి వారే ఒకే పద్ధతిలో కణాలను తయారుచేసుకోవాలని, వర్ణపటంలో 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ప్రాంతంలో కనిపించే శోషణ శిఖరం (కణాలు కాంతిని అత్యధికంగా పీల్చుకునే చోటు) అందరిదీ సరిపోలాకే ముందుకు వెళ్లాలని తీర్మానించుకున్నాము.

లేత పసుపు ద్రావణంలో కాల్షియం లవణాన్ని చుక్కచుక్కగా కలుపుతుంటే, రంగు పాలిపోయి బూడిద వన్నెకు తిరగడం, కాంతి శోషణను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ తెరపై ఆ శిఖరం కుంగిపోవడం కళ్లెదుటే జరుగుతుంది. కణాలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టే విద్యుదావేశాన్ని కాల్షియం అయాన్లు బలహీనపరచడంతో అవి గుమిగూడుతున్నాయన్నమాట. ఇందుకు కాల్షియం క్లోరైడ్ కాకుండా నైట్రేట్ వాడాలని మరో దేశపు సహ విద్యార్థిని పట్టుబట్టింది. క్లోరైడ్ ఉంటే సిల్వర్ క్లోరైడ్ కూడా ఏర్పడి, గుమిగూడడం వల్ల వచ్చిన మార్పును రసాయన చర్య వల్ల వచ్చిన మార్పు నుంచి విడదీయలేము. మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన సూచన అదే.

తరువాత ప్రతి బృందమూ తన ప్రాంతపు సహజ జలంతో పరీక్షించింది. కాల్షియం అధికంగా ఉన్న కఠిన జలంలో కణాలు త్వరగా గుమిగూడాయి. ఆకులు కుళ్లి గోధుమరంగు తిరిగిన నీటిలో మాత్రం హ్యూమిక్ పదార్థాలు (కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థాలు) కణాలకు పూతలా పట్టి వాటిని చాలాసేపు విడివిడిగా నిలిపాయి. కణం ఎంత హానికరమో నీటిని పక్కనబెట్టి చెప్పడం సాధ్యం కాదని నేను గట్టిగా నమ్మడానికి ఈ పోలికే ఆధారం. ఒక్క ప్రయోగశాలలో, ఒక్క రకం నీటితో పనిచేసి ఉంటే నాకిది ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

కణాల పరిమాణం విషయంలో మాత్రం చర్చ ఎడతెగలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న బృందం చెప్పిన పరిమాణం కంటే కాంతి పరిక్షేపణ పద్ధతిలో, అంటే కణాలు వెదజల్లే కాంతిని బట్టి, కొలిచిన మేము ఎక్కువ చూపించాము. చిన్న కణాలు వెదజల్లే కాంతి వ్యాసపు ఆరో ఘాతానికి అనులోమంగా పెరుగుతుంది; అంటే పదింతలు వ్యాసమున్న కణం పది లక్షల రెట్లు కాంతిని వెదజల్లుతుంది. కాబట్టి కొద్దిపాటి గుంపులున్నా సగటు పైకి జరుగుతుంది. రెండు కొలతలూ సరైనవే, కొలిచే విషయాలే వేరు. అందువల్ల తుది నివేదికలో రెండు సంఖ్యలనూ ఉంచి, ప్రతి సంఖ్య పక్కనే కొలిచిన పద్ధతిని, ఆ నీటి ఆమ్లత్వాన్ని, కాల్షియం గాఢతను, సేంద్రియ కర్బనాన్ని నమోదు చేశాము.