డెక్ బిల్డింగ్ గేముల్లో లెవెల్ రూపం మారితే అసలు మారేదేంటి

"మామా, మళ్ళీ అండర్‌డాక్సే పడింది, డెక్ కుదరట్లేదు." బెంగళూరులో మన తెలుగువాళ్ళ గేమింగ్ గ్రూపుల్లో ఈ ఫిర్యాదు తరచూ వినిపిస్తోంది. స్లే ది స్పైర్ 2 ఒక డెక్ బిల్డింగ్ గేమ్, అంటే కార్డులు ఒక్కొక్కటీ చేర్చుకుంటూ మన డెక్‌ని (పేక కట్టని) కట్టుకుని శత్రువులతో పోరాడే ఆట. దాని ఎర్లీ యాక్సెస్, అంటే పూర్తవకముందే అమ్మకానికి పెట్టడం, 2026 మార్చిలో మొదలైంది. అందులో మొదటి యాక్ట్ (ఆటలో ఒక అంకం) రెండు రూపాల్లో ఉంటుంది: ఓవర్‌గ్రోత్, అండర్‌డాక్స్. ఒక రన్‌లో, అంటే మొదలుపెట్టి గెలిచేదాకానో చచ్చేదాకానో ఆడే ఒక ఆటలో, ఆ రెండిట్లో ఒకటే ఎదురవుతుంది. చాలామంది దీన్ని బొమ్మల మార్పుగానే చూస్తున్నారు, అటు చెట్లు, ఇటు నీళ్ళు అని. ఫిర్యాదుకి మూలం అక్కడే ఉంది. సిలబస్ అదే, ప్రశ్నపత్రం వేరు. పాత పేపర్ బట్టీ పట్టి వెళ్తే మార్కులు రావు.

రెండో ఆట ఇంకా తయారీలోనే ఉంది కాబట్టి అందులోని అంకెలు ప్యాచ్ ప్యాచ్‌కీ కదులుతుంటాయి. అందుకే లెక్కలు మొదటి ఆట నుంచి తీసుకుంటున్నాం. అది 2017 నవంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చి 2019 జనవరిలో పూర్తయింది. దాని లోపలి లెక్కలు స్థిరపడి చాలా కాలమైంది, ఈ తరహా ఆటలు చాలావరకు అదే ఎముకల గూడు మీద నిలబడ్డాయి.

ముందు రూపంతో సంబంధం లేని భాగం చూద్దాం. మ్యాప్ 7 నిలువు వరసలు, 15 అంతస్తులు. ఆట కింద నుంచి పైకి 6 దారులు గీస్తుంది. మొదటి రెండు దారులు ఒకే గదిలో మొదలవ్వవు, ఏ రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకోవు. మొదటి అంతస్తంతా మామూలు పోరాటాలు, తొమ్మిదోది నిధి, పదిహేనోది విశ్రాంతి. ఆరో అంతస్తు కంటే కింద ఎలైట్ (మామూలువాళ్ళకంటే గట్టి శత్రువు) గానీ విశ్రాంతి గానీ పడవు. మిగతా గదుల్లో దుకాణాలు 5 శాతం, విశ్రాంతి 12, ఎలైట్లు 8, ప్రశ్నార్థకాలు (లోపల ఏముందో ముందే తెలియని గదులు) 22, తక్కినవి పోరాటాలు. అసెన్షన్ 1 (కష్టాన్ని పెంచే మొదటి మెట్టు) నుంచి ఎలైట్లు 1.6 రెట్లు అవుతాయి. ఈ గీతలు గీసే యంత్రం మొదటి ఆటలో మూడు యాక్ట్‌లకీ ఒకటే. యాక్ట్‌కి రంగు, రుచి తెచ్చేది గీత కాదు, గదిలో ఎవరున్నారన్నది.

అది తేల్చేవి పూల్స్, అంటే ఏ శత్రువుల గుంపులు రావచ్చో చెప్పే జాబితాలు. మొదటి ఆట మొదటి యాక్ట్‌లో తొలి 3 పోరాటాలు బలహీన పూల్ నుంచి వస్తాయి. అందులో ఉన్నవి నాలుగే: కల్టిస్ట్, జా వర్మ్, రెండు లౌస్‌లు, చిన్న స్లైమ్‌లు. నాలుగింటికీ సమాన అవకాశం. నాలుగో పోరాటం నుంచి బలమైన పూల్. అందులో పది రకాలున్నా బరువులు సమానం కావు. మొత్తం 16 వంతుల్లో లూటర్, నీలి స్లేవర్, పెద్ద స్లైమ్, మూడు లౌస్‌లు, రెండు ఫంగై బీస్ట్‌లకి తలా 2 వంతులు. దుండగుల జంటకీ, అడవి జంతువుల జంటకీ ఒకటిన్నర చొప్పున. గ్రెమ్లిన్ గ్యాంగ్, స్లైమ్‌ల గుంపు, ఎర్ర స్లేవర్‌లకి ఒక్కో వంతు. అంటే గ్రెమ్లిన్ గ్యాంగ్ ఒక ఎంపికలో పడే అవకాశం 6 శాతం పైచిలుకు, అంతే. "ఎప్పుడూ ఇదే వస్తుంది" అనిపించేవాటిలో సగం, వచ్చినప్పుడు గట్టిగా దెబ్బ తీసినవే.

పూల్ లోపల చిన్న కాపలా నియమాలు కూడా ఉన్నాయి. గత రెండు పోరాటాల్లో వచ్చిన గుంపు వెంటనే మళ్ళీ రాదు. బలహీన పూల్ చివర రెండు లౌస్‌లు వస్తే బలమైన పూల్ మూడు లౌస్‌లతో మొదలవ్వదు. చిన్న స్లైమ్‌లతో ముగిస్తే పెద్ద స్లైమ్‌తోగానీ స్లైమ్‌ల గుంపుతోగానీ మొదలవ్వదు. ప్రశ్నార్థకం గదిలో శత్రువులు దొరికినా ఈ జాబితాలోంచే దిగుతారు. ఆ గదికీ ఒక లెక్కుంది: మొదట శత్రువులు 10 శాతం, దుకాణం 3, నిధి 2, మిగతాది సంఘటన. రాని ప్రతిదానికీ దాని మొదటి అంకె అంత కలుస్తూ పోతుంది, వచ్చాక మళ్ళీ మొదటికి. వరసగా మూడు ప్రశ్నార్థకాల్లో శత్రువు పడకపోతే నాలుగోదానికి 40 శాతం. ప్రాణం తక్కువగా ఉన్నప్పుడు ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, దారి మార్చుకోవచ్చు.

ఎలైట్ల దగ్గర అసలు విషయం మొదలవుతుంది. మొదటి యాక్ట్‌కి ముగ్గురు: గ్రెమ్లిన్ నాబ్, లాగవులిన్, మూడు సెంట్రీలు. ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులు అడుగుతారు. నాబ్‌కి 82 నుంచి 86 ప్రాణం. మీరు స్కిల్ కార్డ్ (ఎటాక్ కానిది, ఎక్కువగా రక్షణకి వాడేది) వేసిన ప్రతిసారీ అతనికి 2 బలం పెరుగుతుంది. బ్లాక్ కార్డులు నిండిన డెక్‌తో వెళ్తే మీ రక్షణే అతనికి మేత. లాగవులిన్ మొదటి మూడు వంతులు (టర్న్‌లు) నిద్రలో ఉంటుంది, ఒంటి మీద 8 బ్లాక్ నిలబెట్టుకుని. పవర్ కార్డులు (ఒకసారి వేస్తే ఆ పోరాటమంతా పనిచేసేవి) పరుచుకోడానికి అది ఉచిత సమయం. లేచాక మీ బలాన్నీ (దెబ్బని పెంచేది) చురుకునీ (బ్లాక్‌ని పెంచేది) ఒక్కొక్కటి చొప్పున తగ్గిస్తూ పోతుంది కాబట్టి సాగదీస్తే మీకే నష్టం. సెంట్రీలు మీ డెక్‌లోకి డేజ్డ్ అనే పనికిరాని కార్డులు తోస్తాయి. అందర్నీ ఒకేసారి కొట్టే కార్డ్ ఒక్కటున్నా పని సగం అవుతుంది. ఒకే ఎలైట్ వరసగా రెండుసార్లు రాడు. మొదట నాబ్ కనబడితే రెండో ఎలైట్ లాగవులిన్ లేదా సెంట్రీలు, చెరి సగం.

ఆ "ముగ్గురు" అనే అంకెని తేలిగ్గా తీసుకోకూడదు. ఎర్లీ యాక్సెస్ ఆటలో ఒక కొత్త రూపం ఇద్దరు ఎలైట్లతోనే విడుదలైందనుకోండి. వరసగా రాకూడదన్న నియమం అలాగే ఉంటే మొదటివాణ్ణి చూడగానే రెండోవాడు ఎవరో తేలిపోతుంది. ఆడేవాళ్ళకి అది బంగారం, తయారుచేసేవాళ్ళకి కన్నం.

ఇక బాస్, అంటే యాక్ట్ చివర కాచుకుని ఉండే పెద్ద శత్రువు. మొదటి ఆటలో యాక్ట్ మొదలవగానే మ్యాప్ పైన బాస్ బొమ్మ కనబడుతుంది. చాలామంది దాన్ని చివర్లో చూస్తారు, నిజానికి మొదటి కార్డ్ ఎంచుకునే ముందే చూడాలి. స్లైమ్ బాస్‌కి 140 ప్రాణం. సగానికి, అంటే 70కి దిగగానే రెండుగా చీలుతుంది, చీలిన ఒక్కోదానికి అప్పటికి మిగిలినంత ప్రాణం ఉంటుంది. 75 దగ్గర ఆపి ఒకే వంతులో 40 కొడితే చీలికలకి 35 చొప్పున మిగులుతుంది. అదే చిన్న దెబ్బతో 69కి దించితే రెండు 69లు మీ నెత్తిన. దానికి ఒక పెద్ద దెబ్బ కావాలి. గార్డియన్‌కి 240 ప్రాణం. 30 నష్టం తగలగానే 20 బ్లాక్ వేసుకుని రక్షణ భంగిమలోకి పోతుంది, ఆ 30 హద్దు ప్రతిసారీ 10 పెరుగుతుంది. ఆ భంగిమలో ముళ్ళు విప్పుకున్నాక మీరు వేసే ప్రతి ఎటాక్ కార్డుకీ మీకు 3 నష్టం. చిన్న చిన్న ఎటాక్‌లు గుట్టగా వేసే డెక్‌కి అది సరిపడదు.

హెక్సాఘోస్ట్ లెక్క ఇంకా ముచ్చటైనది. రెండో వంతులో ఆరుసార్లు కొడుతుంది. ఒక్కో దెబ్బ ఎంతంటే, మీ ప్రస్తుత ప్రాణాన్ని 12తో భాగించి, మిగిలిన భిన్నం వదిలేసి, 1 కలిపినంత. 50 ప్రాణంతో వెళ్తే 5 చొప్పున 30. ఐరన్‌క్లాడ్ అనే పాత్రకి గరిష్ఠ ప్రాణం 80 అనుకుంటే, బాస్ ముందు విశ్రాంతి తీసుకుంటే 30 శాతం అంటే 24 పెరిగి 74 అవుతుంది. అప్పుడు దెబ్బ 7 చొప్పున 42. 24 తాగితే 12 అక్కడే కారిపోయింది. కాబట్టి హెక్సాఘోస్ట్ పైన ఉన్నప్పుడు, ప్రాణం మరీ అడుగంటకపోతే, ఆ విశ్రాంతి గదిలో కార్డ్ అప్‌గ్రేడ్ చేసుకోవడమే చాలాసార్లు లాభం. ఇదే సలహా స్లైమ్ బాస్‌కి పనికిరాదు, మూడో వంతులో అది 35తో ఒకే దెబ్బ వేస్తుంది, మీ ప్రాణం ఎంతన్నది దానికి అక్కర్లేదు.

ఇప్పుడు రూపాల సంగతికి వస్తే, ఒక యాక్ట్‌కి రెండో రూపం పెట్టడమంటే ఈ ముగ్గురు ఎలైట్లు, ముగ్గురు బాస్‌లు, నాలుగు బలహీన గుంపులు, పది బలమైన గుంపులు, వెరసి 20 పోరాటాలని ఇంకో 20తో మార్చడం. మూడు యాక్ట్‌లూ ఒక్కో రూపంతో, మూడేసి బాస్‌లతో ఉంటే బాస్‌ల వరసలు 27. ప్రతి యాక్ట్‌కీ రెండేసి రూపాలొస్తే 216. వైవిధ్యం ఎనిమిది రెట్లు పెరిగింది, పని రెట్టింపే అయింది. తయారీదార్లు ఈ దారి పట్టడానికి ఇదే ప్రధాన కారణమని మా అభిప్రాయం. నాలుగో యాక్ట్ కలిపితే రన్ పొడవవుతుంది. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి చల్లఘట్ట దాకా వెళ్ళినా తెమలని రన్ ఇంకా పొడవైతే ఎవరికి కావాలి?

ఆడేవాళ్ళు కొత్త రూపంలో తడబడేది ఎక్కడంటే, పాత రూపానికి పనికొచ్చిన తొలి ఎంపికల్ని అలవాటుగా లాగేయడం. మొదటి ఆట మొదటి యాక్ట్ అందరికీ నేర్పిన పాఠం "ముందు రెండు మూడు గట్టి ఎటాక్‌లు తీసుకో, రక్షణ తర్వాత చూద్దాం". అది నాబ్ నేర్పిన పాఠం, ఆట మొత్తం నేర్పింది కాదు. నాబ్ లేని రూపంలో ఆ నియమానికి అంత బలం ఉండదు. కొత్త రూపం పడినప్పుడు నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. ఒకేసారి ఎంతమంది శత్రువులు వస్తున్నారు? వాళ్ళ పెద్ద దెబ్బ ఎన్నో వంతులో పడుతోంది? మీ డెక్‌లోకి చెత్త కార్డులు తోస్తున్నారా? మీరు చేసే ఏ పనికి శిక్ష పడుతోంది, స్కిల్‌కా, ఎక్కువ కార్డులకా, ఆలస్యానికా? బలహీన పూల్‌ని ఒకటి రెండు రన్‌ల్లో మొత్తం చూసేయొచ్చు, ఎందుకంటే అది చిన్నది. ఎలైట్లని చూడాలంటే ఓడిపోతామని తెలిసినా ఒక రన్‌ని వాళ్ళ వైపే నడపండి. ఆ కాగితం ఏ గైడ్ కంటే నమ్మదగినది, ఎర్లీ యాక్సెస్‌లో గైడ్ రాసిన నాటి వెర్షన్ ఏదో చూసుకునేవాళ్ళు తక్కువ కాబట్టి.

ఆఫీసయ్యాక సొంత ఆట కట్టుకునే మనవాళ్ళు బెళ్ళందూరు, మారతహళ్ళి వైపు తక్కువేం లేరు. వాళ్ళకి ఇంకొన్ని మాటలు. స్లే ది స్పైర్ 2 కూడా గోడోలో కట్టిందే, ఉచిత ఇంజిన్‌తో పని జరగదన్న భయం అక్కర్లేదు. తప్పులు జరిగేది ఇంజిన్‌లో కాదు, సీడ్ దగ్గర, అంటే రన్‌లోని యాదృచ్ఛిక ఫలితాలన్నీ పుట్టే మొదటి అంకె దగ్గర.

రూపాన్ని ఎంచుకునే యాదృచ్ఛిక ప్రవాహం విడిగా ఉండాలి, దాని సీడ్ కూడా వేరవ్వాలి. మొదటి స్లే ది స్పైర్‌లో శత్రువులకీ సంఘటనలకీ వేర్వేరు ప్రవాహాలున్నా వాటిలో చాలావాటికి మొదలు ఒకే అంకె. దాంతో ఒకదాంట్లో వచ్చిన ఫలితాన్ని బట్టి ఇంకోదాన్ని ఊహించే వీలు కలిగింది. రన్ సీడ్‌కి ప్రవాహం పేరు జోడించి, హాష్ చేసి, ఆ అంకెతో మొదలుపెడితే ఈ తంటా ఉండదు. రెండోది, సేవ్ ఫైల్‌లో రూపాన్ని 0, 1 అని వరస సంఖ్యతో రాయొద్దు, మారని పేరుతో రాయండి. మూడో రూపం జాబితా మధ్యలో దూరిన రోజున పాత సేవ్‌లు వేరే లెవెల్‌లో తెరుచుకుంటాయి. శత్రువు పేరు మార్చినా, తీసేసినా అంతే. ముందే తయారైన శత్రువుల జాబితా సేవ్‌లో ఉంటే ఆట ఆ గది తలుపు దగ్గర కూలుతుంది. పాత పేరుని కొత్తదానికి చూపించే పట్టిక ఒకటి ఉంచండి. రూపాలు పెరిగితే పాత సీడ్‌ల ఫలితాలు ఎలాగూ మారతాయి, కాబట్టి సీడ్ పక్కన వెర్షన్ అంకె కూడా చూపించండి. స్నేహితుడు పంపిన సీడ్‌లో వేరే మ్యాప్ వచ్చిందన్న గొడవ సగం తగ్గుతుంది.

రెండు రూపాలు సమానంగా కష్టమా అన్నది తేల్చడం అన్నిటికంటే చిక్కు. గెలుపు శాతం 50 దగ్గర ఉన్నప్పుడు 5 పాయింట్ల తేడాని నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో రూపానికి సుమారు 1,600 రన్‌లు కావాలి. 10 పాయింట్ల తేడాకైనా 400. వారాంతంలో కోరమంగళలో పదిమందిని కూర్చోబెట్టి ఆడిస్తే ఇది తేలదు. దాని బదులు పోరాటానికి ఎంత ప్రాణం పోయిందో రాసుకోండి, ఒక్క రన్‌లోనే పదికి పైగా కొలతలు దొరుకుతాయి. పాత్రల వారీగా విడదీయండి, మొత్తం సగటు సమానంగా ఉన్నా ఒక పాత్రకి ఆ రూపం ఉరితాడు కావచ్చు.

రెండు చోట్ల లెక్క మోసం చేస్తుంది. రెండో యాక్ట్‌లోకి వచ్చిన డెక్‌లని పోల్చితే కష్టమైన రూపం నుంచి వచ్చినవే బలంగా కనబడతాయి, ఎందుకంటే బలహీనమైనవి అక్కడే చచ్చిపోయాయి. అలాగే నచ్చని రూపం పడగానే రన్ మూసేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళుంటారు. మొదటి అంతస్తులోనే వదిలేసిన రన్‌లని ఓటములతో కలపకండి, విడిగా లెక్కించండి. ఆ అంకె ఒక రూపానికి పెద్దగా ఉంటే కష్టాన్ని తగ్గించే ముందు దాని బలహీన పూల్‌ని చూడండి. జనం సాధారణంగా బాస్‌కి భయపడి కాదు, మొదటి మూడు పోరాటాలు విసుగ్గా ఉండి వదిలేస్తారు.