ఆన్ కాగానే క్రాష్ అయ్యే ల్యాప్‌టాప్: ఫార్మాట్ కన్నా ముందు చూడవలసినవి

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే కంపెనీ లోగో కనిపించి, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగి, అంతలోనే నీలి తెర వచ్చి, యంత్రం తనంతట తానే రీస్టార్ట్ అయి మళ్లీ అదే తంతు మొదలుపెడితే, సర్వీసు సెంటరులో సాధారణంగా వినిపించే మాట "ఫార్మాట్ చేయాలండీ" అన్నది. కొన్నిసార్లు అది నిజంగానే అవసరమవుతుంది. అయితే నా దగ్గరకు వచ్చిన యంత్రాలలో చాలావాటికి ఆ అవసరం రాలేదు. ఫార్మాట్ చేస్తే లోపం పోవచ్చు, కానీ దానితోపాటు ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు, లోపానికి కారణమేమిటో చెప్పే ఆధారాలు కూడా పోతాయి. అందుకే యంత్రం ఎందుకు ఆగిందని అడిగే ముందు ఎక్కడ ఆగిందని అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

పవర్ బటన్ నొక్కిన తరువాత పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందుతూ పోతుంది. మనం వాడుకగా బయాస్ అని పిలిచే యూఈఎఫ్ఐ ముందుగా మేల్కొని ర్యామ్, ప్రాసెసర్, కీబోర్డు, డిస్కు ఉన్నాయో లేవో చూసుకుంటుంది. తరువాత అది డిస్కులోని ఒక చిన్న విభాగం నుంచి విండోస్ బూట్ మేనేజర్‌ను పిలుస్తుంది. బూట్ మేనేజర్ విండోస్ లోడర్‌కు, లోడర్ విండోస్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌కు పని అప్పగిస్తాయి. ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములైన డ్రైవర్లను కెర్నెల్ లేపిన తరువాతే మనకు పాస్‌వర్డ్ అడిగే తెర కనిపిస్తుంది. లోగో కూడా రాకుండా బీప్ శబ్దాలో, లైటు మినుకుమినుకుమనడమో మాత్రమే ఉంటే విండోస్‌కు ఆ లోపంతో సంబంధమే లేదు. అప్పుడు చూడవలసింది ర్యామ్, బ్యాటరీ, మదర్‌బోర్డు. నీలి తెర వచ్చిందంటే మాత్రం కెర్నెల్ దాకా పని చేరిందని అర్థం, అది ఒక విధంగా మంచి వార్తే. (2025లో వచ్చిన మార్పు తరువాత విండోస్ 11లో ఈ తెర నల్లగా కనిపిస్తుంది. లోపాన్ని సూచిస్తూ దాని మీద వచ్చే సంకేతాలు మాత్రం పాతవే.)

లోపం పరికరాలదా, విండోస్‌దా అని సందేహం ఉన్నప్పుడు చాలా తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఆన్ చేస్తూనే ఎఫ్2 లేదా డిలీట్ కీ నొక్కి (కంపెనీని బట్టి కీ మారుతుంది) బయాస్ సెట్టింగుల తెరలోకి వెళ్లి, ఏమీ మార్చకుండా కాసేపు అలాగే వదిలేయాలి. అక్కడ కూడా యంత్రం ఆరిపోతే విండోస్‌ను ఎన్నిసార్లు వేసినా ప్రయోజనం ఉండదు. వేడి, కరెంటు సరఫరా, బోర్డు వైపు వెతకాలి. అక్కడ నిలకడగా ఉండి విండోస్ లోడ్ అయ్యేటప్పుడే పడిపోతుంటే వెతకవలసిన చోటు చాలావరకు డిస్కు, డ్రైవర్లు, విండోస్ ఫైళ్ల వైపుకు జరుగుతుంది.

విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలి ల్యాప్‌టాప్ విషయంలో నాకు ఇదే పద్ధతి ఉపయోగపడింది. సెలవులలో చాలాకాలం వాడకుండా పక్కన పెట్టిన ఆ యంత్రాన్ని తిరిగి ఆన్ చేస్తే నీలి తెర మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ (విండోస్ ఉన్న డిస్కు అందడం లేదు) అనే సంకేతం వచ్చింది. దుకాణంలో, విండోస్ తెరుచుకోనప్పుడు వచ్చే రికవరీ తెర నుంచి, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్కుల జాబితా అడిగితే అందులో ఒక్క డిస్కు కూడా కనిపించలేదట. "ఎస్ఎస్‌డీ పోయిందన్నారు మామయ్యా, కొత్తది వేయించుకోమన్నారు, నా ప్రాజెక్టంతా దానిలోనే ఉంది" అని తను దిగులుగా ఫోన్ చేసింది.

నేను బయాస్ తెర తెరిచినప్పుడు రెండు విషయాలు కనిపించాయి. మొదటిది, గడియారంలో తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంది. రెండవది, నిల్వ పరికరాల జాబితాలో ఎస్ఎస్‌డీ పేరు, దాని సామర్థ్యంతో సహా, చక్కగా కనిపిస్తోంది. బయాస్‌కు కనిపిస్తున్న డిస్కు విండోస్‌కు కనిపించడం లేదంటే పోయింది డిస్కు కాదు, ఆ రెండింటి మధ్య ఉన్న దారి. తేదీ వెనక్కి పోవడం వల్ల ఆ దారి ఎక్కడ తెగిందో కూడా ఊహించగలిగాము. ప్రధాన బ్యాటరీ పూర్తిగా అడుగంటి, లోపలి నాణెం బ్యాటరీ కూడా అయిపోయినప్పుడు కొన్ని యంత్రాలలో బయాస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే నిల్వ నియంత్రణ ఆన్‌లో ఉండే వస్తోంది. దానికి తగిన డ్రైవర్ విండోస్ ఇన్‌స్టాలర్‌లో లేకపోవడం వల్ల డిస్కు కనిపించక, కొత్తగా విండోస్ వేసేవారు చాలామంది వీఎండీని ఆపేసి వేస్తారు. ఈ యంత్రానికి కూడా ఒకప్పుడు అలాగే వేశారు. ఇప్పుడు సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి పోవడంతో వీఎండీ మళ్లీ ఆన్ అయింది, ఆ డ్రైవర్ లేని విండోస్‌కు, రికవరీ తెరకు కూడా డిస్కు కనిపించకుండా పోయింది. దానిని తిరిగి ఆపి, తేదీ సరిచేసి సేవ్ చేయగానే విండోస్ మామూలుగా తెరుచుకుంది. లోపలి నాణెం బ్యాటరీ మార్పించాము. అయితే ఈ సెట్టింగును గుడ్డిగా మార్చకూడదు: కంపెనీ వేసి ఇచ్చిన విండోస్ వీఎండీ ఆన్‌లో ఉండగానే పనిచేస్తుంటే, దానిని ఆపేయడం వల్లనే ఇదే నీలి తెర వస్తుంది. మార్చేముందు ఉన్న సెట్టింగును ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవడం అవసరం.

బయాస్‌లో ఏది మార్చబోయినా, డిస్కులోని సమాచారాన్ని కీ లేనిదే చదవలేకుండా మార్చే (ఎన్‌క్రిప్ట్ చేసే) బిట్‌లాకర్ గురించి ముందే ఆలోచించాలి. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు డిస్కు మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బయాస్ మార్పుల తరువాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. అది దొరకకపోతే డిస్కు ఎంత ఆరోగ్యంగా ఉన్నా అందులోని ఫైళ్లు ఎవరి చేతికీ రావు. ఈ ఒక్క కారణంతోనే, యంత్రం బాగున్నప్పుడే ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోమని నేను అందరినీ బతిమాలుతుంటాను.

డిస్కు కనిపిస్తూ, అప్‌డేట్ తరువాతో, కొత్త డ్రైవర్ వేసిన తరువాతో క్రాష్ మొదలైతే దారి వేరు. విండోస్ వరుసగా రెండుసార్లు తెరుచుకోలేకపోతే రికవరీ తెర తనంతట తానే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది. అక్కడే స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 4 నొక్కితే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకునే సేఫ్ మోడ్, 9 నొక్కితే క్రాష్ అయినప్పుడు రీస్టార్ట్ కాకుండా ఆగే ఏర్పాటు లభిస్తాయి. సంకేతం చదివే లోపే తెర మాయమవుతున్నవారికి ఈ రెండవది ఎంతో అవసరం. సేఫ్ మోడ్‌లో విండోస్ తెరుచుకుందంటే, అత్యవసరం కాని డ్రైవర్లలో ఏదో ఒకటి దోషి అని దాదాపుగా తేలినట్టే.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు బూట్ దశలోనే పడిపోయిన రోజున జరిగింది సరిగ్గా ఇదే. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. అంత పెద్ద విపత్తుకు పరిష్కారం సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డర్‌లో ఉన్న ఒక్క ఫైలును తొలగించడం. కాకపోతే ఆ పని ప్రతి యంత్రం ముందూ ఒక మనిషి కూర్చుని చేయవలసి వచ్చింది, బిట్‌లాకర్ కీలు వెతకడానికే చాలా చోట్ల ఆలస్యమైంది. అన్ని లక్షల యంత్రాలు ఒక్కసారిగా పడిపోయినా వాటికి అవసరమైన మందు ఫార్మాట్ కాదు.

సంకేతం ప్రతిసారీ మారుతూ, ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అనీ మరొకసారి ఇంకేదో అనీ వస్తుంటే ర్యామ్‌ను అనుమానించాలి. రెండు ర్యామ్ కార్డులున్న యంత్రంలో ఒక్కొక్కటిగా తీసి చూడడం, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రంతా నడపడం నమ్మదగిన పద్ధతులు. డిస్కు మీద అనుమానం ఉంటే పనుల వరుస చాలా ముఖ్యం. మరమ్మతుకు దిగే ముందు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే ఇక్కడ కూడా ఆ కీ కావాలి. చెక్‌డిస్క్ వంటి మరమ్మతు ఆదేశాలు డిస్కు మీద రాస్తాయి కాబట్టి, చివరి దశలో ఉన్న డిస్కు మీద వాటిని నడిపితే మిగిలిన ఫైళ్లు కూడా చేజారవచ్చు. కాపీ పూర్తయిన తరువాత చెక్‌డిస్క్, విండోస్ ఫైళ్లను సరిచేసే సిస్టమ్ ఫైల్ చెకర్ నడపవచ్చు. రికవరీ తెరలో డ్రైవ్ అక్షరాలు మారిపోయి మన సీ డ్రైవ్ వేరే పేరుతో కనిపించే అవకాశం ఉంది కాబట్టి, విండోస్ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో చూసుకున్న తరువాతే ఆదేశం ఇవ్వాలి. ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు ఫార్మాట్ చేయించండి. అప్పటికి ఫైళ్లు భద్రంగా మీ దగ్గరే ఉంటాయి.