సీజన్లో ఎక్స్‌ట్రా షిఫ్టులు ఆన్‌లైన్‌లో వేయడం: నా అనుభవం

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో నేను షిఫ్టులు చూస్తాను. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం కోతలు మొదలైతే హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లు ట్రాక్టర్లలో నేరుగా మిల్లుకే వస్తాయి. ఆ తడి వడ్లు కుప్పలో ఉండిపోతే వేడెక్కి గింజ రంగు మారుతుంది, అందుకే డ్రయ్యర్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. పర్మనెంట్ వాళ్లు సరిపోరు. చుట్టుపక్కల తండాల వాళ్లు, బిహార్ నుంచి వచ్చినవాళ్లు సీజన్ వరకు టెంపరరీగా చేరతారు.

ఇదివరకు ఎక్స్‌ట్రా షిఫ్టు ఎవరికి అనేది ఫోన్ల మీదే తేలిపోయేది, మేస్త్రీకి దగ్గరివాళ్లకే దొరికేది. ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) చట్టం ప్రకారం రెట్టింపు కూలి కాబట్టి అది చిన్న విషయం కాదు, ఒకరి ఇంట్లో పిల్లల ఫీజు దాని మీదే ఉంటుంది. మా ఓనర్ ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఖాళీ షిఫ్టు ఏది ఉందో అందరికీ ఒకేసారి కనిపిస్తుంది.

పేర్లు, నంబర్లు ఎక్కించడం తేలికే. ఎవరు ఏ పని చేయగలరో మాత్రం ముందే గుర్తు పెట్టాలి. బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే ఉండాలి, ఆ గుర్తు లేకపోతే లోడింగ్ వాళ్లు కూడా ఆ షిఫ్టు అడుగుతారు.

అసలు తలనొప్పి రాత్రి షిఫ్టుతోనే. పది నుంచి ఆరు వరకు వేస్తే సాఫ్ట్‌వేర్ పన్నెండు దగ్గర విరిచి రెండు రోజుల్లో రాసింది. వారం చివరి రాత్రి అయితే ఎనిమిదిలో ఆరు గంటలు వచ్చే వారంలోకి పోయాయి, దాంతో ఆ వారం ఓటీ మొదలయ్యే 48 గంటలు దాటిన మనిషికి కూడా ఓటీ చూపించలేదు. షిఫ్టు మొదలైన రోజుకే గంటలన్నీ లెక్కించాలనే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల ఉంది. అది మార్చాక పాత చీటీలతో సరిచూసి, తగ్గిన డబ్బులు ఇప్పించాను. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య కనీసం పది గంటల విరామం కూడా తప్పనిసరి చేశాను. లేకపోతే రాత్రి పదికి దిగిన మనిషి డబ్బుల కోసం పొద్దున ఆరుకే మళ్లీ ఎక్కుతాడు, నిద్ర లేని మనిషిని కన్వేయర్ బెల్టు దగ్గర నిలబెట్టడం నావల్ల కాదు.

ముందు నొక్కినవాళ్లకే షిఫ్టు అన్న పద్ధతి పెట్టి చూస్తే, మంచి ఫోన్ ఉన్న కుర్రాళ్లే అన్నీ పట్టుకుపోయారు. వడ్లు ఆరబోసే ఒక పెద్దమ్మ వచ్చి, "బిడ్డా, నా తాన ఆ ఫోన్ లేకపోతే నాకు పని లేనట్టేనా?" అని అడిగింది. ఆమె అడిగింది న్యాయం. అప్పటి నుంచి సాయంత్రం దాకా అందరి పేర్లు తీసుకుని, ఆ వారం తక్కువ గంటలు చేసినవాళ్లకు ముందు ఇస్తున్నాను. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు గేటు దగ్గర చెబితే నేనే ఎక్కిస్తాను, ఓకే అయిన లిస్టు ప్రింట్ తీసి అక్కడే అంటిస్తాను.

యాప్‌లో తెలుగు లేదు, షిఫ్టు పేర్లు మాత్రం మనకు కావలసినట్టు రాసుకోవచ్చు. "రాత్రి డ్రయ్యర్" అని తెలుగులో, కింద హిందీలో రాశాక నాకు వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి.