వేట పేరుతో వచ్చే పెళ్లిపిలుపు

నృసింహ మంత్రరాజంలో ‘భీషణం’ అన్న మాట వెంటనే ‘భద్రం’ అన్న మాట వస్తుంది. భయం పుట్టించేవాడే క్షేమం కలిగించేవాడు ఎలా అవుతాడన్నది పండితులు తర్కించవలసిన విషయమే అయినా, నల్లమల అంచున ఉన్న అహోబిలం చుట్టుపక్కల పల్లెల్లో ఆ రెండు మాటలూ ఏటా కనుమ నాడు ఒకే పల్లకి ఎక్కి బయలుదేరుతాయి.

అదే పారువేట. ఎగువ అహోబిలం నుంచి దిగివచ్చిన జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలంలోని ప్రహ్లాదవరదస్వామి కలిసి ఆళ్లగడ్డ, రుద్రవరం ప్రాంతాల్లోని ముప్పైకి పైగా ఊళ్లలో సుమారు 40 రోజులు సంచరించి, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు ముందు ఆలయానికి చేరుకుంటారు. (2022లో ఈ సీమ నంద్యాల జిల్లాలో చేరినా, పెద్దల నోట ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది.) పేరుకు వేటే గాని ఇందులో కూలే మృగమేదీ లేదు. బ్రహ్మోత్సవాలలో జరగబోయే తన కల్యాణానికి రమ్మని పెళ్లికొడుకే స్వయంగా గడప గడపకూ వస్తున్నాడని ఇక్కడివారి నమ్మకం.

యాత్ర మొదలయ్యేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణాలు సంధిస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి చెంచులకు అల్లుడు. హిరణ్యకశిపుణ్ణి గోళ్లతో చీల్చిన ఉగ్రమూర్తి ఎదుట విల్లు ఎక్కుపెట్టే చనువు అత్తవారింటి వాళ్లకు కాక ఇంకెవరికి ఉంటుంది? ఆ బాణంలో పగ లేదు, అత్తింటి సరసం ఉంది. మంత్రంలోని భీషణత్వం భద్రంగా మారే చోటు నాకు అక్కడే కనిపిస్తుంది.

ఊళ్లో పల్లకి దించే అరుగును ‘తెలుపు’ అంటారు. స్వామి ఆ తెలుపు మీద కొలువైన రోజే ఆ ఊరికి అసలైన పండుగ. సంక్రాంతికి రాలేకపోయిన ఆడపడుచులు కూడా పిల్లలతో ఆ రోజుకు పుట్టింటికి చేరుకుంటారు. రాత్రి చెక్కభజన మొదలవుతుంది. గురువు పాదం మార్చిన క్షణంలోనే వలయమంతా పాదం మారుస్తుంది. చెక్కల మోత, గజ్జెల మోత ఒకటవుతాయి. ఈ మధ్య కొన్ని చోట్ల పెద్ద మైకులు పెట్టి సినిమా పాటలు మోగించడం వల్ల ఆ చెక్కల చప్పుడు పక్క వీధికి కూడా వినబడడం లేదు. స్వామి పేరిట జరిగే సంబరంలో స్వామికి ఇష్టమైనదే వినబడకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇష్టమైనదని ఊరికే అనడం లేదు. అహోబిలంలోని నవనారసింహులలో ఛత్రవట నరసింహుడు ఒకడు. హాహా, హూహూ అనే గంధర్వులు మర్రిచెట్టు నీడన పాడుతుంటే ఆయన చేత్తో తాళం వేస్తూ విన్నాడని స్థలపురాణం చెబుతుంది. గంధర్వగానానికి తాళం వేసిన చెయ్యి, పొలం పని ముగించుకొని వచ్చి గజ్జె కట్టినవారి భజనకు కదలకుండా ఉంటుందా?

మరునాడు బోయీలు పల్లకిని భుజానికెత్తుకుంటారు. ఇంటింటి హారతీ అందుకుని స్వామి పొలిమేర దాటుతుండగా వెనుక నుంచి చేతులు జోడించిన ముసలమ్మ ఒకతె, బంధువుల పిలుపుకు బదులు చెప్పినట్టే అంటుంది: “నువ్వు పద నాయనా, పెళ్లినాటికి మేమంతా వస్తాంలే.”