బంగినపల్లి–బెల్లం సెంటు, 7వ విడత: మధ్యలో గుంత పూడట్లేదు

ఏడోసారీ అదే తంతు. కొట్టిన పది నిమిషాలు దామలచెరువు మండీలో బంగినపల్లి గంప విప్పినట్టే ఉంది. ఇరవయ్యో నిమిషానికి పండు మాయం. గంటన్నరకు బెల్లం పాకం దిగుతుంది, దానికి వంక పెట్టేదేం లేదు. ఆ మధ్య డెబ్బై నిమిషాల గుంతే తలనొప్పి: ఉత్త పీచుమిఠాయి, వెనక కాస్త నూనె జిడ్డు. వాసన చూసే పేపరు పట్టీ మీద ఈ గుంతే కనబడదు. పట్టీని నమ్మి ఐదు విడతలు పాడయ్యాయి.

5 గ్రాముల కాన్సంట్రేటు (వాసన సరుకుల చిక్కటి మిశ్రమం), ఆల్కహాలులో 15 శాతం. కాన్సంట్రేటులో ఇథైల్ బ్యుటిరేట్ (పండు పైవాసన) 0.4 శాతం, గామా డెకాలాక్టోన్ (మీగడ కలిసిన పండు వాసన) 1, ఇథైల్ మాల్టాల్ (పీచుమిఠాయి తీపి) 3, వెనిలిన్ (వెనిలా వాసన) 4.

మొదటి అనుమానం పైవాసన చాలట్లేదని. బ్యుటిరేట్ 0.8 చేస్తే గోళ్ల రంగు తుడిచే మందు కంపు, అదీ పన్నెండు నిమిషాలే. 120 డిగ్రీలకే మరిగే సరుకు చిత్తూరు మే ఎండలో ఒంటి మీద ఎంతసేపని నిలుస్తుంది? ఏసీ 24లో పెట్టి చూస్తే పండు 35 నిమిషాలు ఆగింది. చర్మానికి ముందు వాజలీను రాస్తే 30. రెండిటిలోనూ గుంత వెనక్కి జరిగిందే గానీ పూడలేదు.

రెండో అనుమానం ఇథైల్ మాల్టాల్ మీద. 1992లో ఏంజెల్ అనే సెంటు వచ్చినప్పటి నుంచి అందరూ దీన్ని గరిటెలతో పోస్తున్నారు, నేనూ అంతే. మామూలు మాల్టాల్ కన్నా నాలుగైదు రెట్లు ఘాటు, పక్కనున్న పండును మింగేస్తుంది. 0.8కి దించాక నలభయ్యో నిమిషంలో డెకాలాక్టోన్ బయటపడింది, కాకపోతే మామిడి కాదు, పీచ్ పండు! డెకాలాక్టోన్ 3 చేస్తే మీగడ జిడ్డు. 1.5 దగ్గర ఆపాను.

మల్లె వాసన సరుకు హెడియోన్ (బ్రాండు పేరు) బదులు అదే రసాయనం, బ్రాండు లేని మిథైల్ డైహైడ్రోజాస్మొనేట్ వాడినా ఇక్కడ తేడా తెలియలేదు, డబ్బు మిగిలింది. వెనిలిన్ వల్ల రంగు టీ డికాషన్‌లా తిరుగుతోంది, తెల్ల చొక్కాకు దూరం.

లోపం గంధకం వాసనలోనే ఉందనిపిస్తోంది. పండిన మామిడికి ఆ చిటికెడు మొరటుదనం లేకపోతే మిఠాయే మిగులుతుంది. 8వ విడతకు గంధకం వాసన సరుకు థయోమెంథోన్ తెప్పిస్తున్నా: 0.1 శాతం ద్రావణం, ముందు ఒకే చుక్క. ఎక్కువైతే పిల్లి ఉచ్చ కంపే. ఇథైల్ మాల్టాల్ 0.8 దగ్గరే ఉంచి, బెల్లానికి ఫ్యూరనియోల్ (కాల్చిన చక్కెర వాసన సరుకు) కొంచెం పెంచాలి.

ఇది కుదిరితే తిరుపతి లడ్డు వాసన: ఏలకులు, నెయ్యి, పచ్చకర్పూరం. ఎర్రచందనం వేయమని సలహాలొస్తున్నాయి గానీ, దాంట్లో వాసనెక్కడిది, రంగు తప్ప!